సహజ పరికరం నంబరు 417

మంగళవారం పొద్దున్న పదకొండుంబావుకి లైన్‌మన్ మట్టపర్తి ధనకోటి నోట్లోని ముందు పన్ను శాఖాపరమైన ఆస్తి అయిపోయింది. ఆ సమయంలో ధనకోటి పుల్లేటిలంక విద్యుత్ సెక్షన్ ఆఫీసు వరండాలో నిలబడి, అడిగిన ప్రశ్నలకి ఉన్నదున్నట్టు జవాబులు చెబుతున్నాడు. ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లయినా ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు అతన్ని వదల్లేదు. జరిగినదాంట్లో తప్పంటూ ఉంటే అదొక్కటే.

ఆ నెల పనిముట్ల పరిరక్షణ మాసోత్సవం. సర్కిల్ ఆఫీసు నుంచి పదకొండు పేజీల సర్క్యులర్ వచ్చింది. సిబ్బంది వాడే ప్రతి పనిముట్టునీ రిజిస్టర్లో ఎక్కించాలి, దానికో నంబరు వేయాలి, పాడైతే పారేయకుండా బాగుచేయించాలి, బాగుపడకపోతే పాతది స్టోరుకి అప్పగించి కొత్తది తీసుకోవాలి. చదివితే ఎవరికైనా ముచ్చటేసే సర్క్యులరే. సెక్షన్‌కి కొత్తగా వచ్చిన ఏఈ శశిభూషణ్ గారికి మరీ ముచ్చటేసింది. పన్నెండు మంది లైన్‌మన్లనీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కళ్ల సంచీ విప్పించి, తన చేత్తో తానే రాసుకుంటూ వచ్చారు.

ధనకోటి వరసలో ఆఖరివాడు. అతని సంచీలో కటింగ్ ప్లేరు, టెస్టరు, తాడు, ఎడమచేతి గ్లౌజు బయటపడ్డాయి. కుడిచేతిది ఏదని అడిగితే, శాఖవారు ఎడమచేతివే రెండు ఇచ్చారనీ, ఒకటి పక్క సెక్షన్ వాళ్లకి ఇచ్చేశాననీ చెప్పాడు. ఏఈ గారు అదీ రాసుకున్నారు. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

"వైరు మీద తొక్క దేంతో ఒలుస్తావు?"

"పళ్లతోనండి."

"ఏమన్నావ్?"

"పళ్లతోనండి. స్తంభం మీద ఓ చెయ్యి పట్టుకోడానికే పోద్ది కదండి. రెండో చేత్తో వైరు నోట్లో పెట్టుకుని ఇలా లాగేత్తామండి. ప్లేరుతో ఒలిత్తే లోపల తీగె తెగిపోద్దండి. మా పనోళ్లందరిదీ అదే పద్ధతండి."

అతని ముందు నిలబడ్డ పదకొండు మందీ అదే ప్రశ్నకి "ప్లేరుతోనండి" అని చెప్పి గట్టెక్కిన వాళ్లు. వాళ్లందరూ ఇప్పుడు ధనకోటి వైపు చూడకుండా కరెంటు స్తంభం వైపు చూశారు.

ఏఈ గారికి పెద్ద చిక్కే వచ్చింది. గడి ఖాళీగా వదిలితే కారణం రాయాలి. 'లేదు' అని రాస్తే, పరికరం లేకుండా ఇరవై రెండేళ్లు ఈ ఉద్యోగి పని ఎలా చేశాడని పైవాళ్లు అడుగుతారు. కాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: సహజ పరికరం, ఒకటి. ఉన్న స్థలం: పైదవడ, ముందు, కుడి.

"పరికరం స్థితి?"

"బాలేదండి. పది రోజుల్నించి ఒకటే పోటు. కాత్త నల్లబడింది కూడానండి."

'మరమ్మతు అవసరం' అని రాసి, ఏఈ గారు దానికి 417 నంబరు కేటాయించారు.

శనివారం ధనకోటి పెళ్లాం వీరవేణి అతన్ని మండలకేంద్రంలో డాక్టర్ షహనాజ్ గారి పళ్ల ఆసుపత్రికి లాక్కెళ్లింది. లాక్కెళ్లడం అంటే నిజంగా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడమే. పదకొండు కేవీ లైను కింద నిలబడి కునుకు తీయగలిగిన ధనకోటికి, పళ్ల డాక్టరు కుర్చీ చూస్తే పారిపోవాలనిపిస్తుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుతురుకి పెట్టి చూపించింది. "ఏళ్ల తరబడి వైరు లాగి లాగి పన్ను బీటలిచ్చిందండి. లోపల నరం పాడైంది. ఇదిగో, వేరు కొసన ఈ నల్లటి మచ్చ కనిపిస్తోందా? చీము పట్టడం మొదలైంది."

"పీకేత్తారా అండి?" అన్నాడు ధనకోటి.

"పీకడం ఐదు నిమిషాల పని. కానీ పీకాక మీ సొంత పన్ను లాంటిది నేను తెచ్చి పెట్టలేను. రూట్ కెనాల్ చేస్తే ఇది నిలబడుతుంది. వెనకనుంచి చిన్న కన్నం పెట్టి, లోపల కుళ్లిందంతా తీసేసి, శుభ్రం చేసి, మూసేస్తాను. తరువాత పైన తొడుగు వేద్దాం. పన్ను మీదే ఉంటుంది, నొప్పి ఉండదు. రెండు మూడు సార్లు రావాలి. అయితే ఆలస్యం చేయకండి. చీము ఎముకలోకి పాకిందంటే అప్పుడిక నేనూ ఏం చేయలేను. పది రోజులు, మహా అయితే పన్నెండు."

ధనకోటి ప్రాణం కుదుటపడింది. అతనికి ఆ పన్నంటే అంత మమకారం ఉందని ఆ కుర్చీలో కూర్చునేదాకా అతనికే తెలియదు. వాళ్ల నాన్నకి నలభై ఏళ్లకే ముందు పళ్లు పోయి, పెళ్లిళ్లలో ఫొటోలు తీస్తుంటే తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. ధనకోటికి తువ్వాలు వద్దు. పన్ను కావాలి.

సోమవారం సెలవు చీటీ రాశాడు. కారణం దగ్గర మామూలుగా అందరూ జ్వరమని రాస్తారు. ధనకోటి 'ముందు పన్నుకి రూట్ కెనాల్ నిమిత్తం' అని రాశాడు. సాయంత్రానికల్లా మెమో చేతికొచ్చింది.

'సదరు ఉద్యోగి ఆధీనంలోగల సహజ పరికరం నంబరు 417 ఇప్పటికే మరమ్మతుల జాబితాలో ఉన్నందున, దానిని ప్రైవేటు వ్యక్తులచే తెరిపించుట, లోపలి భాగములు తొలగించుట, లేక అందులో ఏ విధమైన పదార్థమును నింపుట శాఖాపరమైన ఆస్తికి నష్టం కలిగించుటగా పరిగణింపబడునని తెలియజేయడమైనది. మరమ్మతుల కమిటీ సమావేశమగు వరకు పరికరమును యథాతథ స్థితిలో ఉంచవలెను.'

"సార్, ఇది నా పన్నండి," అన్నాడు ధనకోటి.

ఏఈ గారు మంచివారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "నీదే. కాదని ఎవరన్నారు? అయితే రిజిస్టర్లో ఉంది. రిజిస్టర్లో ఉన్నదాన్ని తీసేయాలంటే ఉన్నతాధికారుల అనుమతి కావాలి. నువ్వేం దిగులుపడకు, దాన్ని కాపాడటానికే కదా ఈ మాసోత్సవం!"

"చీము యథాతథంగా ఉండదు కదండి."

"అది నువ్వు కమిటీ ముందు చెప్పుకోవచ్చు."

మర్నాడు స్టోర్‌కీపర్ కామేశం గారు తెల్లరంగు డబ్బా, సన్నటి కుంచె పట్టుకుని వచ్చారు. పనిముట్టు మీద నంబరు కనపడాలని సర్క్యులర్లో నాలుగో పేజీలో ఉంది. ధనకోటి నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా తిప్పాడు. తెల్లరంగు పన్ను మీద తెల్లగా కనపడదని కామేశం గారికి కూడా అప్పుడే తట్టింది. చివరికి స్తంభాలకి కొట్టే అల్యూమినియం రేకు ముక్క మీద 417 అని గుద్ది, పైకి చూపించే బాణం గుర్తు వేసి, దారం కట్టి మెళ్లో వేశారు. పొద్దున్నే స్టోరులో 'పరికరం ఒకటి, ముట్టినది' అనీ, సాయంత్రం 'పరికరం ఒకటి, చూపించినది' అనీ సంతకం పెట్టి వెళ్లాలన్నారు. సాయంత్రం ధనకోటి కిటికీ దగ్గర నోరు తెరిచేవాడు. కామేశం గారు కళ్లజోడు సవరించుకుని తొంగి చూసి తలూపేవారు.

"ఇంకో సంగతి," అన్నారు ఆయన. "శాఖాపరమైన పరికరాన్ని సొంత పనులకి వాడకూడదు. తెలుసుగా?"

ఇంటికెళ్లి ఆ మాట చెబితే, తేగలు ఉడకబెట్టి వారుస్తున్న వీరవేణి గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"అంటే తిండి తినొద్దంటారా?"

"ఆ పన్నుతో తినొద్దంటారే. పక్క పళ్లతో తినొచ్చు."

"ఇరవై ఏళ్లు నా చేతి వంట తిన్న పన్ను అది. మీ ఆఫీసోళ్లు దానికి ఏ రోజైనా ఓ ముద్ద పెట్టేరా? ఎలాగండీ మీతోటి! నోట్లో ఉన్నది కూడా మనది కాదంటే ఊరుకుని వచ్చేత్తారా?"

అప్పటికి ధనకోటి దవడ వాచి కుడి కన్ను కిందిదాకా వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు అయిపోయాయి. డాక్టరమ్మ చెప్పిన పది రోజుల్లో మూడు వెళ్లిపోయాయి. అతనికి ఏడుపొచ్చింది కానీ, ఏడిస్తే దవడ ఇంకా నొప్పెడుతుందని ఆపుకున్నాడు.

కమిటీ సోమవారం కూర్చుంది. అధ్యక్షులు డివిజన్ నుంచి వచ్చిన డీఈ గారు. సభ్యులు ఏఈ గారు, కామేశం గారు. డీఈ గారు ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క కాగితం మీద కూడా తొందరపడి సంతకం పెట్టని మనిషి. డాక్టర్ షహనాజ్ గారిని సాంకేతిక నిపుణురాలిగా పిలిపించారు. ఆవిడ ఆసుపత్రి మూసుకుని మరీ వచ్చింది. ధనకోటిని బల్ల ముందు కూర్చోబెట్టి నోరు తెరవమన్నారు. కామేశం గారు టార్చిలైటు పట్టుకున్నారు.

"పరికరం ఇదేనా?" అని డీఈ గారు రేకు మీద బాణాన్నీ, నోటినీ మార్చి మార్చి చూశారు. "నిపుణురాలు తమ ప్రతిపాదన తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

"లోపల పాడైన నరం తీసేస్తే పన్ను నిలబడుతుందండి. ఈ రెండు మూడు రోజుల్లోనే చేయాలి."

"నరం తీసేస్తే అందులో సరఫరా ఉండదు కదా?"

"నొప్పి ఉండదు."

"అంటే డెడ్ లైన్ అన్నమాట. సరఫరా లేని లైనుని పనిచేస్తున్న లైనుగా నేనెలా సర్టిఫై చేస్తాను? మరమ్మతు అయ్యాక మెగ్గర్‌తో పరీక్ష చేయవచ్చునా?"

మెగ్గర్ అంటే తీగె తొక్కలోంచి కరెంటు కారుతోందేమో చూడటానికి ఐదు వందల వోల్టులు పంపించే యంత్రం. ధనకోటి టక్కున నోరు మూసేశాడు. టార్చి వెలుతురు అతని మూతి మీద పడి నిలిచింది.

"అది పన్నండి," అంది డాక్టరమ్మ. "మనిషి పన్ను."

"మనిషి శాఖకు చెందినవాడే కదమ్మా," అన్నారు డీఈ గారు ఓపికగా.

అప్పుడు ఏఈ గారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. "సార్, అసలు తొక్క ఒలవడానికి మన స్టోరులో వేరే పరికరం ఏమీ లేదా?"

"లేకేం, ఉన్నాయండి," అన్నారు కామేశం గారు. "స్ట్రిప్పర్లు ఆరు డజన్లు. నాలుగేళ్ల కిందట వచ్చాయి. పెట్టె కూడా విప్పలేదు."

"మరి ఎందుకు ఇవ్వలేదండి?" అంది డాక్టరమ్మ.

"పాతది అప్పగించినవాళ్లకే కొత్తది ఇవ్వాలండి. రూలు. ఎవరి దగ్గరా పాతది లేదు. అందుకని ఎవరికీ కొత్తది ఇవ్వలేదు." కామేశం గారి గొంతులో ఏ తప్పూ చేయని మనిషి నిబ్బరం ఉంది. "ఈ సర్కిల్ మొత్తంలో పాతది ఉన్నట్టు రిజిస్టర్లో ఎక్కినవాడు ధనకోటి ఒక్కడేనండి."

డీఈ గారి ముఖం వెలిగిపోయింది. ఇంత సులువుగా తెగిపోయే ఫైలు ఆయన సర్వీసులోనే తగల్లేదు. లేచి వచ్చి ధనకోటి భుజం తట్టారు. "అదృష్టవంతుడివయ్యా! పాతది పీకించి, మూడు రోజుల్లో స్టోరుకి అప్పగించు. సరికొత్త స్ట్రిప్పరు తీసుకో. ఈ డివిజన్‌లో మొదటిది నీకే."

తీర్మానం అక్కడికక్కడే టైపు చేయించారు. మాసోత్సవంలో ఒక పనిముట్టు సమస్య విజయవంతంగా పరిష్కారమైనట్టు ఫొటో కూడా తీశారు. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. ధనకోటి అరచేయి అడ్డం పెట్టుకున్నాడు.

బయట వేపచెట్టు కింద వీరవేణి కాచుకుని ఉంది. ధనకోటి కాగితం ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చదివింది, మడిచింది, జాకెట్టులో దోపుకుంది. "డాక్టరమ్మగారండీ, మీరిప్పుడు ఆసుపత్రికేనా?" అంది. ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్లారు.

కుర్చీలో వెనక్కి వాలాక డాక్టరమ్మ లైటు వెలిగించి, చేతులకి గ్లౌజులు తొడుక్కుని ఆగింది. "పీకమంటారా, ఉంచమంటారా? కాగితంలో ఏముందో నాకు అక్కర్లేదు. మీరు చెప్పండి."

ఇరవై రెండేళ్లలో ధనకోటి ఏ కాగితాన్నీ దాటలేదు. లైనులో కరెంటు ఆపేశామన్న ఎల్‌సీ కబురు అందకుండా స్తంభం మీద ఒక్క మెట్టయినా ఎక్కలేదు. అలాంటి మనిషికి, తనకి ఏం కావాలని ఒకరు అడగడం వింతగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉంచండి డాక్టరమ్మగారండి," అన్నాడు. "నాది కదండి."

మత్తుసూది పెట్టాక గట్టిగా పట్టుకున్న కుర్చీ చేతులు వదిలాడు. గంటసేపు సన్నటి సూదుల్లాంటివి లోపలికీ బయటికీ తిరిగాయి. మధ్యలో ఒక సూది కొసకి దారప్పోగంత సన్నటిది, ముదురు ఎరుపుగా ఉన్నది చుట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ దాన్ని దూది మీద పెట్టింది.

"అదేంటండి?" అన్నాడు ధనకోటి మొద్దుబారిన మూతితో.

"మీ నరం. ఇన్నాళ్లూ నిద్రపోనివ్వనిది ఇదే. పన్ను లోపలి దారి కొలిచాను, ఇరవై ఒకటిన్నర మిల్లీమీటర్లు."

"పారేయకండి. ఓ సీసాలో పెట్టిచ్చేయండి."

"ఎందుకండీ?"

ధనకోటి ఆవిడ వంక ఆశ్చర్యంగా చూశాడు. "లైను మార్చినప్పుడు తీసిన పాత వైరు స్టోరుకి అప్పజెప్పాలి కదండి."

అది అతను తెలివితో అన్న మాట కాదు. ఇరవై రెండేళ్లుగా మార్చిన ప్రతి సర్వీసు వైరు ముక్కనీ చుట్టచుట్టి అప్పజెప్పినవాడు, ఇదొక్కటి దాచుకోవడం అతనికి చేతకాదు. డాక్టరమ్మ ఒక మందు సీసాలో దాన్ని వేసి, చీటీ మీద కొలత రాసి, కింద సంతకం పెట్టి, స్టాంపు కూడా కొట్టింది. ఆ రోజు ధనకోటి ఇంటికొచ్చి, మూడు వారాల తరువాత మొదటిసారి, పట్టపగలు నాలుగింటికి పడుకుని మర్నాడు పొద్దున్న లేచాడు.

లేచి, మొహం కడుక్కుని, సీసా పట్టుకుని స్టోరుకి వెళ్లాడు. విషయం విన్న ఏఈ గారు చార్జిమెమో టైపు చేయించడానికి అప్పటికే మనిషిని పురమాయించారు. కామేశం గారు సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత చీటీ చదివారు. తరువాత రిజిస్టరు తిరగేశారు.

"నిబంధన ప్రకారం పరికరం పూర్తిగా అప్పగించాలి," అన్నారు ఏఈ గారు.

"లేదండి," అన్నారు కామేశం గారు నెమ్మదిగా. "లైను మార్చినప్పుడు లోపలి తీగె తీసి కొత్తది వేస్తే, తీసిన తీగె అప్పగిస్తే చాలు. స్తంభం పీక్కురమ్మని ఏ రూల్లోనూ లేదు. ఇందులో పొడుగు ఉంది, సంతకం ఉంది, స్టాంపు ఉంది. నేను తీసుకోనంటే రేపు ఆడిట్‌లో నా మెడకి చుట్టుకుంటుంది."

రాసుకున్నారు: పాత తీగె, ఒకటి, ఇరవై ఒకటిన్నర మిల్లీమీటర్లు, ముట్టినది. నాలుగేళ్ల తరువాత మొదటిసారి పెట్టె విప్పి, నూనె వాసన వేస్తున్న స్ట్రిప్పరు ఒకటి తీసి ధనకోటి చేతిలో పెట్టారు. చార్జిమెమో సగం టైపు దగ్గరే ఆగిపోయింది.

ఆ స్ట్రిప్పరు చూశాక మిగతా పదకొండు మందికీ ఉన్నట్టుండి జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. తామూ పళ్లతోనే ఒలుస్తామని, ఆ రోజు కంగారులో ప్లేరని చెప్పామని రాసిచ్చారు. ఏఈ గారు ఎంతో శ్రద్ధగా వాళ్ల పళ్లకి 418 నుంచి 428 దాకా నంబర్లు ఇచ్చారు. కొత్తవి ఇప్పించమన్న అర్జీలు డివిజన్‌కి వెళ్లాయి. వారంలో జవాబు వచ్చింది.

'అర్జీదారుల సహజ పరికరములు పనిచేయు స్థితిలో ఉన్నట్లు పరిశీలనలో తేలినందున, కొత్తవి మంజూరు చేయుటకు వీలుపడదు. పరికరములు పూర్తిగా పాడైన పిమ్మట తిరిగి దరఖాస్తు చేసుకొనవచ్చును.'

అందరికంటే చిన్నవాడైన నాగూర్‌కి ముప్పై రెండు పళ్లూ ముత్యాల్లా ఉన్నాయి. ఆ కాగితం చదివి, వైరు తీసుకుని స్తంభం కిందకి వెళ్లి నోట్లో పెట్టుకున్నాడు. పక్కనే ఉన్న ధనకోటి ఒక్క ఉదుటున వెళ్లి ఆ వైరు లాగేశాడు.

"నోరు ముయ్యరా ముందు!" అని కేకేశాడు. తన వాచిన దవడ, నిద్ర లేని రాత్రులూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి అతనికి నిజంగా కోపం వచ్చింది. "ఇలాగియ్యి. నేనొలుత్తాను."

ఆ రోజు నుంచి సెక్షన్‌లో ఎవరు స్తంభం ఎక్కినా, ముందు ధనకోటి సైకిలు వేసుకుని వెళ్లి కింద కూర్చుని వైర్లు ఒలిచి కొసలు సిద్ధం చేసి పెడుతున్నాడు. పదకొండు ఊళ్లు తిరగాలి. అతను చిరాకుపడటం ఎవరూ చూడలేదు.

మూడు వారాలకి కొత్త మెమో వచ్చింది. పుల్లేటిలంక సెక్షన్‌లో నంబర్లు 418 నుంచి 428 వరకు గల పదకొండు సహజ పరికరములు ఎట్టి వినియోగమూ లేక నిరుపయోగముగా ఉన్నట్లు తనిఖీలో తేలిందనీ, ఇందుకు బాధ్యులైన ఉద్యోగులు మూడు రోజులలో సంజాయిషీ సమర్పించవలెననీ దాని సారాంశం.

పదకొండు మందీ ధనకోటి దగ్గరికి వచ్చారు. ఆఫీసు భాష రాయడం ఎవరికీ రాదు. ధనకోటికీ రాదు. ఠావు కాగితం తీసుకుని, మోకాలి మీద రిజిస్టరు అట్ట పెట్టుకుని, ఉన్నదున్నట్టు ఒకే ఒక్క వాక్యం రాశాడు. 'అయ్యా, ఆ పళ్లు మావండి.'

దాని కింద పన్నెండు సంతకాలు పడ్డాయి.